త్యాగరాజకృతులయందు సంగీతప్రయోజనవిచారము

కావ్యమునకుఁ బ్రయోజన మేమి యను ప్రశ్నకు ఆలంకారికులు బహువిధముల సమాధానము చెప్పియున్నారు. 11వ శతాబ్దివాఁడగు మమ్మటుఁడు కావ్యప్రకాశమునందు కీర్తి, ధనము, లోకవ్యవహారజ్ఞానము, అమంగళనివారణము, తత్క్షణమే కలుగు పరమానందము, కాంతాసమ్మితమైన యుపదేశము అను నాఱింటిని ప్రయోజనములుగాఁ బేర్కొనెను. కాని యిది లక్షణకర్తల విచారము. స్వయముగాఁ గళను సాధించి లోకమున కిచ్చినవారు తమ సాధన దేనికొఱకని తలఁచిరో తెలుపుట యరుదు. కవులు కొంద ఱవతారికలలోఁ గొంత చెప్పుకొనిరి. గాయకులు చెప్పుకొన్నది మిక్కిలి తక్కువ. ఈ కొఱతను దీర్చినవాఁడు కాకర్ల త్యాగరాజు (1767–1847). ఈతఁడు సంగీతమును గూర్చియే పెక్కు కృతులు రచించి, ఆ కళయొక్క పుట్టుకను, స్వరూపమును, ఫలమును, అభ్యసించువానికి వలయు నర్హతను గానరూపముననే నిరూపించెను.

త్యాగరాజు తిరువారూరునఁ బుట్టి, కావేరీతీరమునందలి తిరువయ్యాఱున జీవితము గడపి, అచ్చటనే 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీని దేహము చాలించెను. ఈతని పూర్వు లాంధ్రదేశమునుండి దక్షిణమునకు వలసపోయిన ములకనాటి బ్రాహ్మణులు. తండ్రి రామబ్రహ్మము, సంగీతగురువు శొంఠి వేంకటరమణయ్య. తంజావూరు సీమ యప్పటికి మహారాష్ట్రప్రభువుల యేలుబడిలో నుండినను, నాయకరాజుల కాలమునుండి యచ్చట గానమునకుఁ దెలుఁగే ప్రధానభాషయై నిలిచియుండెను. ఈతఁ డాస్థానము నాశ్రయింపక ఉంఛవృత్తితో జీవించెను. శరభోజి (1798–1832) కాలమున రాజాహ్వానమును నిరాకరించి కల్యాణిరాగమున ‘నిధి చాల సుఖమా’ యను కృతిని బాడెనని యైతిహ్యము. కథ యెట్లున్నను కృతిలోని యభిప్రాయము స్పష్టము: ధనముకంటె రామసన్నిధియు, నరస్తుతికంటె భగవత్కీర్తనమును సుఖకరములు.

ఈతని యభిప్రాయములను సంగ్రహించునప్పు డొక జాగ్రత్త యావశ్యకము. కృతి శాస్త్రగ్రంథము కాదు. ఒక్కొక్క కృతి యొక్కొక్క మనోవస్థనుండి పుట్టినది. ఏ యొక్క పల్లవినో ప్రమాణముగాఁ గొని సిద్ధాంతము చేసినచో పొరపాటు తప్పదు. ఒకే విషయమును దెలుపు కృతులను జేర్చి, ఒకదాని నింకొకదానితో సరిచూచినప్పుడే కర్తృహృదయము తెలియవచ్చును.

త్యాగరాజుని సంగీతదృష్టిని గూర్చి లోకమున రెండభిప్రాయములు వ్యాపించియున్నవి. మొదటిది: ఈతఁడు ముందు భక్తుఁడు, పిదప గాయకుఁడు, సంగీత మీతనికి రామభక్తిని మోయు వాహనము మాత్రమే. పండితులలోను హరిదాసులలోను ఈ యభిప్రాయము ప్రబలము. రెండవది: భక్తి యాకాలపు వాగ్గేయకారుల కెల్లరకు సామాన్యమైన వస్తువు, ఈతని విశేషమంతయు రాగస్వరూపమును వెలార్చుటయందును సంగతుల పొంకమునందునే కలదు, సాహిత్యము స్వరములు నిలుచుటకుఁ దగిన యాధారము మాత్రమే. ఈ మతమును నోట నొప్పుకొనని గాయకుల పాటలోను ఇది యప్పుడప్పుడు కానవచ్చును. మొదటివారు సంగీతమును సాధనముగాను, రెండవవారు భక్తిని నెపముగాను జేసిరి. రెండింటిని వేఱుపఱచుటలో నీ యుభయులును ఏకమతస్థులే. త్యాగరాజుని కృతులు ఈ వేఱుపాటునే యంగీకరింపవు.

ముందుగా సంగీతముయొక్క పుట్టుకను గూర్చి యీతఁడు చెప్పినది విచారింపవలెను. 13వ శతాబ్దియందు దేవగిరి యాదవుల యాస్థానమున నుండిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునందు నాదము ప్రాణాగ్నుల సంయోగమువలనఁ గలుగు ననియు, నాదోపాసనముచే దేవతోపాసనము సిద్ధించు ననియు నిరూపించియుండెను. త్యాగరాజు సారమతిరాగమునందలి ‘మోక్షము గలదా’ యను కృతిలో ఈ శాస్త్రార్థమునే గ్రహించి, ప్రాణానలసంయోగమున ప్రణవనాదము, దానినుండి సప్తస్వరములు పుట్టిన క్రమమును దెలిపెను. జగన్మోహినియందలి ‘శోభిల్లు సప్తస్వర’ యను కృతిలో నాభి, హృదయము, కంఠము, నాలుక, నాసిక యను స్థానములయందు స్వరములు ప్రకాశించుటను వర్ణించి, ఆ స్వరములనే సుందరదేవతలుగా భజింపుమని మనస్సును బ్రబోధించెను. చిత్తరంజనిరాగమున సంస్కృతభాషలో రచించిన ‘నాదతనుమనిశం’ అను కృతిలో శివుఁడు నాదమే శరీరముగాఁ గలవాఁడు. ఆయన యైదు ముఖములనుండి సప్తస్వరములు పుట్టినవి.

శాస్త్రమును బాటలో నిమిడ్చుట మాత్రమే యైనచో నిది పాండిత్యప్రదర్శనముగా నెంచఁబడియుండును. కాని యిందలి ఫలితార్థము గమనింపఁదగినది. స్వరములే దేవతలైనప్పుడు, దేవుఁడే నాదశరీరుఁ డైనప్పుడు, సంగీతము భక్తునికిని భగవంతునికిని నడుమ నుండు వాహన మెట్లగును? వాహనము గమ్యము చేరినంతనే విడువఁబడును. త్యాగరాజుని దృష్టిలో స్వరము విడువఁదగినది కాదు, అది యుపాస్యవస్తువే. ఆందోళికరాగమునందలి ‘రాగసుధారస’ యను కృతిలో రాగామృతపానము యాగ, యోగ, త్యాగ, భోగముల ఫలము నొసఁగు నని చెప్పి, స్వరముల నోంకారనాదస్వరూపములుగా నెఱిఁగినవారిని జీవన్ముక్తులని కీర్తించుట ఈ యభిప్రాయముచేతనే. యాజ్ఞవల్క్యస్మృతి వీణావాదనతత్త్వమును శ్రుతిజాతులను దాళమును ఎఱిఁగినవాఁ డప్రయాసముగా మోక్షమార్గమును బొందునని పూర్వమే చెప్పియుండెను. ఈ సంప్రదాయబలము త్యాగరాజునకుఁ గలదు.

ఇంతవఱకుఁ జూచినచో రెండవ మతమువారికే జయమని తోఁపవచ్చును. అందులకుఁ బ్రతిబంధకముగా ధన్యాసిరాగమునందలి ‘సంగీతజ్ఞానము భక్తి వినా’ యను కృతి నుదాహరింతురు. భక్తి లేని సంగీతజ్ఞానమునకు సన్మార్గము లేదని దీని కర్థము చెప్పి, సంగీతము భక్తికి లోఁబడినదని మొదటి మతమువారు సాధింతురు. ఇచ్చట నన్వయము నించుక పరిశీలింపవలెను. ‘వినా’ యను నవ్యయము భక్తి కొక్కదానికే చేరినచో పై యర్థము కుదురును. సంగీతజ్ఞానమునకును భక్తికిని రెంటికిఁ జేరినచో ఈ రెండును లేక సన్మార్గమే లేదని యర్థమగును. వ్యాకరణదృష్టిచే రెండన్వయములును సాధ్యములే. నిర్ణయము పల్లవియందు దొరకదు, అనుపల్లవిని జూడవలెను. అందు భృంగి, నటేశుఁడు, హనుమంతుఁడు, అగస్త్యుఁడు, మతంగుఁడు, నారదుఁడు మొదలగువా రుపాసించునది సంగీతజ్ఞానమే యని చెప్పఁబడినది. ఇంతటివారి కుపాస్యమైనది భక్తికి దాసి యని చెప్పుట యసంగతము. పేర్కొనఁబడినవా రందఱును సంగీతమునకును భక్తికిని సమానముగాఁ బేరెక్కినవారే. కావున రెండవ యన్వయమే కృతిశరీరమున కనుకూలము. సారమతికృతియందును భక్తిని సంగీతజ్ఞానమును ఒకే సమాసమున జంటగాఁ గూర్చి, అవి లేనివారికి మోక్ష మెక్కడిదని ప్రశ్నించుట దీనినే బలపఱచును.

జంటగాఁ గూర్చుట సరియే. ఆ రెంటిని గూర్చు సూత్ర మేది? శంకరాభరణమునందలి ‘స్వరరాగసుధారస’ యను కృతి దీనికి సమాధాన మిచ్చుచున్నది. సహజభక్తితోఁ గూడి రాగజ్ఞానము గలవాఁడు ముక్తుఁడని చెప్పిన యీ కృతిలో ఒక చరణము మిక్కిలి విలువగలది. తాళగతుల నెఱుఁగక మద్దెలను బాదుటలో సుఖము లేదనియు, మనశ్శుద్ధి లేక చేయు పూజ సూకరవృత్తి యనియు నందుఁ జెప్పఁబడెను. ఒకటి మార్దంగికుని దోషము, ఒకటి యర్చకుని దోషము. సామాన్యదృష్టికి మొదటిది శిల్పలోపము, రెండవది ధర్మలోపము. రెంటికి నడుమ బహుదూరము గలదు. త్యాగరాజు వానిని ప్రక్కప్రక్కనే నిలిపెను. తాళజ్ఞానము లేనివాఁడు వాద్యమును గొట్టునే గాని వాయింపఁడు. శుద్ధి లేనివాఁడు పూజను నడపునే గాని చేయఁడు. ఇరువురయందును బాహ్యక్రియ కలదు, అంతర్వస్తువు లేదు.

కనుక నీ రెంటిని గూర్చు సూత్రము శుద్ధి యని తేలుచున్నది. భక్తి యనఁగా సాహిత్యమున రామనామ ముండుట కాదు. పాడువాని మనస్సు నిర్మలమై యుండుట. సంగీతజ్ఞాన మనఁగా కంఠపాటవము కాదు. స్వరమును దాని స్థానమునుండి తొలఁగనీయకుండుట. స్వరశుద్ధికిఁ జిత్తైకాగ్రత కావలెను. అహంకారము, కీర్తికాంక్ష, ధనలోభము చిత్తమును జెదరఁగొట్టును. కావున నొకదానిని నిజముగా సాధింపఁబూనినవాఁడు రెండవదానిని సాధింపక తీరదు. ధన్యాసికృతి చరణమున త్యాగరాజు సంగీతభక్తుల ఫలముగా న్యాయాన్యాయవివేకమును, జగత్తు మాయామయ మను నెఱుకను, కామాది షడ్రిపుజయమును జెప్పుట ఈ సూత్రముచే సుబోధమగును. పాట కౌశలముగా నుండి పాడువాని నడవడి మాఱకున్నచో, ఈతని మతమున ఆ పాట యసంపూర్ణమే.

ఇంక నీ సూత్రము రచనయం దెట్లు ప్రవర్తిల్లునో తెలుపునది శ్రీరంజనియందలి ‘సొగసుగా మృదంగతాళము’ అను కృతి. దీనిని కృతిలక్షణకృతి యనవచ్చును. మృదంగతాళముతో సొగసుగా జతగూర్చి రాముని జొక్కింపఁజేయు ధీరుఁ డెవఁడని ప్రశ్నించి, అట్టి కృతికి వలయు గుణములను దెలిపెను: ఉపనిషదర్థము గల సత్యవాక్కులు, స్వరశుద్ధి, యతి, విశ్రమము, సద్భక్తి, విరతి, ద్రాక్షారసము, నవరసములు. ఈ పట్టికయందు భక్తి యన్నిటికిఁ బైని లేదు, అన్నిటికిఁ గ్రిందను లేదు. యతివిశ్రమములకును నవరసములకును నడుమ నున్నది. మొదటి మతమువారు నమ్మినట్లు భక్తియే సర్వమైనచో స్వరశుద్ధిని యతివిశ్రమములను బేర్కొనుట వ్యర్థము. రెండవ మతమువారు నమ్మినట్లు సాహిత్య మాధారమాత్రమైనచో ఉపనిషదర్థముతోను ద్రాక్షారసముతోను బనిలేదు.

ఈ పట్టికలోని పదములు రెండు శాస్త్రముల సరిహద్దున నుండుట మఱియొక విశేషము. యతి యనునది ఛందశ్శాస్త్రమున అక్షరమైత్రిస్థానము. 17వ శతాబ్దియందు అప్పకవి దాని భేదములను విస్తరించెను. సంగీతశాస్త్రమున యతి తాళదశప్రాణములలో నొకటి. విశ్రమమును అట్లే పద్యమునకును పాటకును సమానము. ద్రాక్షారసము ప్రతాపరుద్రీయమున విద్యానాథుఁడు చెప్పిన ద్రాక్షాపాకమును స్మరింపఁజేయును. వినినంతనే లోపలను వెలుపలను రసము దోఁచు రచనయే ద్రాక్షాపాకము. త్యాగరాజుని తెలుఁగు సులభముగా నుండుటకుఁ గారణము భాషాదారిద్ర్యము కాదనియు, తెలిసి కోరుకొన్న పాకమే యనియు దీనివలన నూహింపవచ్చును. నారికేళపాకమున నున్న రచన యర్థమగుటకుఁ గాలము పట్టును. తాళము శ్రోతకై యాఁగదు. పాటకు ద్రాక్షాపాకమే తగినది.

ఇప్పుడు మమ్మటుని పట్టికతో నీతని మతమును బోల్చి చూడవచ్చును. ధనమును త్యాగరాజు త్రోసిపుచ్చెను. నరస్తుతిని నిరసించుటలో నీతఁడు పోతన మార్గమువాఁడు. భాగవతమును రాజుల కంకిత మీయనొల్లని యా కవి హృదయ మీతనికిఁ బరిచితమే. సద్యఃపరనిర్వృతిని, అనఁగాఁ దత్క్షణానందమును, ఈతఁడు సంపూర్ణముగా స్వీకరించెను. అంతేకాక ఒక యడుగు ముందునకు వేసెను. ఆలంకారికులు రసానందమును బ్రహ్మాస్వాదసహోదర మనిరి. సహోదరత్వమున సామ్యము గలదు, భేదమును గలదు. స్వరములు నాదబ్రహ్మముయొక్క రూపములే యని నమ్మిన త్యాగరాజునకు ఆ భేదము తొలఁగినది. దేవతావిషయకరతిని భావముగా మాత్రమే పరిగణించిన మమ్మటునికంటె, భక్తిని రసముగా స్థాపించిన 16వ శతాబ్దపు రూపగోస్వామి మార్గమున కీతఁడు సన్నిహితుఁడు. కాని గోస్వామి గ్రంథమున భక్తికిఁ గల ప్రాధాన్య మీతనియందు భక్తిసంగీతముల జంటకుఁ గలదు.

ఉపదేశమును గూర్చిన భేదము మఱింత ముఖ్యము. అలంకారశాస్త్రమున ఉపదేశము కవినుండి సహృదయునకుఁ బోవును. త్యాగరాజుని కృతులలో నుపదేశ మెవరికి? ధన్యాసి, జగన్మోహిని, ఆందోళిక, శంకరాభరణ, కల్యాణి కృతు లైదును ఈతని మనస్సునే సంబోధించుచున్నవి. లోకమునకు బోధింపవలయునను తలంపు ముందుగా లేదు. తన మనస్సును దిద్దుకొనుటయే పని. శ్రోత యా సంభాషణమును ప్రక్కనుండి వినును. విని తన మనస్సునకు నదే చెప్పుకొనును. కళాప్రయోజనము మొదట కళాకారునియందే నెఱవేఱవలెననుట ఈతని మతమునందలి నూతనాంశము. తాను దిద్దుకొనని గాయకుఁ డొరులను దిద్దఁజాలఁడు.

ఈ మతముపై నాక్షేపణలు లేకపోలేదు. స్వరశుద్ధిని చెవి నిర్ణయించును. మనశ్శుద్ధిని నిర్ణయించువా రెవరు? భక్తిని గొలిచెడి మానము లేనప్పుడు దానిని గృతిగుణముగాఁ జెప్పుట విమర్శకు లొంగునా? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము శ్రీరంజనికృతి ముగింపులోఁ గలదు. ఇన్ని గుణములు గల కృతిచే భజించు యుక్తి త్యాగరాజుని తరమా యని యచ్చట నీతఁడే సందేహించెను. దీనిని వినయోక్తిగా మాత్రమే కొట్టివేయరాదు. మనశ్శుద్ధి యితరులు పరీక్షించునది కాదు, ఎవనికి వాఁడు పరీక్షించుకొనవలసినది. ఆ పరీక్షలో తాను నుత్తీర్ణుఁడనని యీతఁడు చెప్పుకొనలేదు. కావున నీ ప్రమాణముతో నొరుల భక్తిని దూఁచి తీర్పుచెప్పుటకు విమర్శకున కధికారము లేదు.

రెండవ యాక్షేపణము విశాలమైనది. ఈ ప్రమాణమును గఠినముగా నన్వయించినచో శృంగారపదముల గతి యేమి? ముద్దుపలుకుల క్షేత్రయ్య పదములయందు విరతి లేదు. అయినను మువ్వగోపాలుని ముద్రయు, రాగభావముల యైక్యమును గల యా పదములను నాదోపాసనకు వెలుపల నుంచుట న్యాయము కాదు. ఇచ్చట త్యాగరాజుని మతమునకొక మేర గలదని యొప్పుకొనవలెను. శ్రీరంజనికృతి నవరసములకుఁ దావిచ్చినను, విరతిని గూడఁ గోరుటచే శృంగారమునకుఁ బూర్ణస్వాతంత్ర్యము నీయలేదు. ఇది యొక సాధకుఁడు తనకై యేర్పఱచుకొన్న నియమము. దానిని సమస్తకళకు శాసనముగాఁ జేసినచో నుపాసన మార్గమైన మతము తీర్పుకోలగా మాఱును.

మూఁడవది భాషను గూర్చినది. త్యాగరాజుని సాహిత్యమున వ్యావహారికరూపములను, సంధిశైథిల్యమును జూపి పండితులు కొందఱు దోష మెంతురు. బాలవ్యాకరణ మీతని నిర్యాణమునకుఁ బిమ్మట వెలసినదన్న సమాధానము చాలదు. అంతకుముం దప్పకవీయము కలదు. సరియైన సమాధానము వేఱు. కృతి పఠనమునకుఁ గాక గానమునకు రచింపఁబడినది. అందలి దీర్ఘహ్రస్వములకుఁ దాళము ప్రమాణము. పైగా నీ కృతులు వాలాజపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము మొదలగు శిష్యపరంపరల పాఠములవలనను నోటిపాటలవలనను నిలిచినవి. దోషముగాఁ గనఁబడునది కర్తృదోషమో పాఠాంతరదోషమో నిర్ణయింపక తీర్పు చెప్పుట తగదు. అయినను కొన్ని కృతులలో సాహిత్యము సంగీతమంత చిక్కగా లేదనుట సత్యమే. ఆ కొఱతను చెప్పుటకును ఈతఁ డేర్పఱచిన ద్రాక్షారసనియమమే తగిన కొలమానము.

ఈ విచారమువలన నుపాధ్యాయులకును గాయకులకును గొంత కర్తవ్యము తేలుచున్నది. పండితుఁడు త్యాగరాజకృతిని పద్యమువలెఁ బ్రతిపదార్థము చెప్పి విడిచినచో సగము కృతినే బోధించినవాఁ డగును; యతివిశ్రమములు తాళమునం దెట్లు పడునో వినిపింపక ఆ సాహిత్యమునకు వ్యాఖ్య పూర్తి కాదు. గాయకుఁడు సంగతులకై పదమును నడుమ విఱిచి అర్థము చెఱచినచో, కర్త కోరిన సత్యవాక్కుల నియమమును దప్పినవాఁ డగును. సంగతి యొకే వాక్యమును పలుమాఱులు త్రిప్పి పాడించును. త్రిప్పినకొలఁది యర్థము విరియవలెనే గాని నలఁగరాదు. పాఠశాలలయందు తెలుఁగు చెప్పువారును సంగీతము నేర్పువారును ఒకే కృతిని కలిసి బోధించుట యలవాటైనచో, త్యాగరాజు జంటగాఁ గూర్చినది విద్యార్థులకు జంటగానే యందును. అందులకుఁ బైని విచారించిన యైదాఱు కృతులే మొదటి పాఠముగాఁ జాలును.